నీరు నడిచిన దారిలోనే తుప్పు: వీడియో గేమ్ కారును స్కేల్ మోడల్‌గా మలచడం

పాడుబడ్డ కారు మోడల్ చేయడం తేలికన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. షోరూమ్ నుంచి అప్పుడే బయటికొచ్చినట్టుండే కారు చేయాలంటే పెయింటులో ఒక్క దుమ్ము రేణువు కూడా ఉండకూడదు, అద్దంలా పాలిష్ రావాలి. తుప్పు పట్టిన కారుకైతే ఏ లోపమైనా తుప్పు కింద కొట్టుకుపోతుందన్న ధీమా. ఆ ధీమాతో చేసిన మోడళ్లన్నీ ఒకేలా ఉంటాయి. ఒళ్లంతా ఒకే నారింజ రంగు, అంచులన్నిటి వెంటా ఒకే తీరు గీతలు, పైనుంచి కింద దాకా ఒకే గోధుమ రంగు నీళ్లు. దూరం నుంచి బాగానే ఉంటాయి. దగ్గరికెళ్లి చూస్తే ఏదో తేడా కొడుతుంది. ఆ తేడా ఏమిటో చూసేవాళ్లు చెప్పలేకపోవచ్చు గానీ పసిగడతారు. పాత కార్లు చూడనివాళ్లు ఉండరు. తుప్పు ఎక్కడ పడుతుందో, ఎక్కడ పట్టదో అందరి కంటికీ తెలుసు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మోడల్ మీద పడే ప్రతి మరకకూ ఒక కారణం ఉండాలి. ఆ కారణం పెయింటు సీసా మూత తీయకముందే తేలాలి. ఈ కారు వయసెంత, ఏ వాతావరణంలో తిరిగింది, ఎంతకాలం ఒకేచోట నిలబడింది, ఎవరు బాగుచేశారు, ఏ తలుపు ఎప్పుడు మారింది? వీడియో గేమ్ నుంచి కారును ఎంచుకోవడంలో ఉన్న సుఖం ఇదే, ఈ జవాబులు చాలావరకు గేమే ఇచ్చేస్తుంది. చిక్కు కూడా అక్కడే ఉంది. తెర మీద కనిపించే బొమ్మ వేరు, ఆ కథలో నిజంగా బతికిన లోహం ఎలా ఉంటుందన్నది వేరు. ఎక్కడ దేన్ని అనుసరించాలో ముందే తేల్చుకోకపోతే పని రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది.

రెండు గేములు, రెండు రకాల పాతదనం

2015లో వచ్చిన ‘ఫాలౌట్ 4’ సంగతి చూద్దాం. దాని కథ ప్రకారం అణుయుద్ధం జరిగింది 2077 అక్టోబరు 23న. ఆటగాడు తిరిగే బోస్టన్ పరిసరాలు 2287 నాటివి. అంటే రోడ్ల మీద పడి ఉన్న కార్లు 210 ఏళ్లుగా కదల్లేదన్నమాట. 1950ల నాటి అమెరికన్ కార్ల ఒంపులు, వాటికి అణుశక్తితో నడిచే ఇంజన్లు. తుప్పు తినేసినా అక్కడక్కడా పాత రంగు ఇంకా కనిపిస్తూనే ఉంటుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. కారు బాడీ రేకు మందం దాదాపు 0.8 మిల్లీమీటర్లు. ఓ మోస్తరు తేమ ఉన్న వాతావరణంలో, ఏ పూతా లేని మామూలు ఉక్కు మొదటి ఏడాదిలో 25 నుంచి 50 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం కోల్పోతుంది. రేకును రెండు వైపుల నుంచీ తుప్పు తింటుంది కాబట్టి తక్కువలో తక్కువ ఏటా 50 మైక్రాన్లు. ఆ లెక్కన పదహారేళ్లలో రేకు మాయం. నిజానికి పెయింటు కొన్నేళ్లు కాపాడుతుంది, తుప్పు పొర మందమయ్యే కొద్దీ వేగమూ తగ్గుతుంది. ఎంత ఉదారంగా లెక్కకట్టినా ఆ రేకు రెండు శతాబ్దాలు నిలవదు. మిగిలేవి ఇంజను దిమ్మ, ఇరుసులు, గాజు ముక్కలు.

గేమ్ చేసినవాళ్లు తప్పు చేశారని కాదు. ఆటగాడు ఆ ఆకారాన్ని చూడగానే ‘ఇది కారు, ఒకప్పుడు అందంగా ఉండేది’ అనుకోవాలి. అందుకోసం కాలాన్ని కుదించారు. ఈ కారును మోడల్‌గా చేసేవాళ్లు కూడా ఆ కుదింపునే పాటించాలి. 210 ఏళ్ల లెక్క పక్కనపెట్టి, ఆరుబయట ముప్పై నలభై ఏళ్లు పడి ఉన్న కారుగా ఊహించుకుంటే అన్నీ సర్దుకుంటాయి. పూర్తిగా కూరుకుపోయిన టైర్లు, తుప్పు తిన్న కింది సగం, ఎండకు వెలిసిన పై సగం, సగం మిగిలిన అద్దాలు.

రెండో దారి పూర్తిగా వేరు. 2024లో ఐరన్‌వుడ్ స్టూడియోస్ తెచ్చిన ‘పసిఫిక్ డ్రైవ్’లో ఆటగాడికి ఉన్న ఏకైక తోడు ఒక పాత అమెరికన్ స్టేషన్ వాగన్, అంటే వెనక సామాన్ల చోటు దాకా పైకప్పు సాగే పొడుగు కారు. అమెరికా వాయవ్య మూలన, ఒలింపిక్ ద్వీపకల్పంలో, జనాన్ని ఖాళీ చేయించిన ఒక నిషిద్ధ ప్రాంతంలో దాన్ని నడపాలి. తలుపు, బంపరు, టైరు, హెడ్‌లైటు, ఏ భాగానికి ఆ భాగం విడిగా దెబ్బతింటుంది. గ్యారేజీకి తిరిగొచ్చాక, ఏరుకొచ్చిన తుక్కుతో కొత్త భాగాలు చేసి బిగించుకోవాలి. మోడలర్‌కు ఇంతకంటే ఇంకేం కావాలి! ఇది చచ్చిపడి ఉన్న కారు కాదు. రోజూ నడిచే కారు, రోజూ గాయపడే కారు, ఒంటి మీద ఒక్కో ముక్కది ఒక్కో వయసు. పైగా ఆ ద్వీపకల్పంలోని హో వర్షారణ్యంలో ఏటా దాదాపు 3,500 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. తుప్పుకు ఏం కావాలో అవన్నీ అక్కడే ఉన్నాయి. ఇక్కడి నుంచి ఈ వాగన్‌నే ఉదాహరణగా పట్టుకుంటాను.

గేమ్ చూపించేది, దాచేది

గేముల్లో వస్తువుల మీద కనిపించే అరుగుదలను కళాకారులు గీత గీతగా చేత్తో గీయరు. త్రీడీ ఆకారంలో ఎక్కడ అంచు బయటికి పొడుచుకొచ్చిందో, ఎక్కడ లోపలికి మడత పడిందో సాఫ్ట్‌వేరే లెక్కగట్టి పెడుతుంది. బయటికొచ్చిన అంచుల మీద పెయింటు లేచిపోయి లోహం కనిపించేలా, లోపలి మడతల్లో మురికి చేరేలా పొరలు వాటంతటవే పరుచుకుంటాయి. ఆ తర్వాతే కళాకారుడు చేయి పెట్టి కొన్ని తుడిచేస్తాడు, కొన్ని చేరుస్తాడు. పని వేగంగా సాగాలంటే అదే సరైన పద్ధతి.

కానీ ఇందులో ఉన్నది సగం నిజమే. చేతులు, బూట్లు, పెట్టెలు తగిలే అంచులు నిజంగానే అరుగుతాయి. వెనక తలుపు గడప, డ్రైవరు తలుపు పిడి చుట్టుపక్కల, పైకప్పు మీద సామాన్ల స్టాండు పట్టీలు, ఇవన్నీ అలాంటివే. ఎవరూ ముట్టుకోని పైకప్పు పక్క ఒంపు ఎందుకు అరగాలి? ఇంకో సంగతి, కారును నిజంగా చంపే తుప్పు అంచుల మీద పుట్టదు. కంటికి కనిపించని లోపలి పెట్టెల్లో పుట్టి, సాఫీగా ఉన్న రేకు మధ్యలోంచి బయటపడుతుంది. అంచు ఎక్కడుందో లెక్కగట్టే సాఫ్ట్‌వేరుకు ఈ సంగతి తెలియదు. అందుకే నేను పనిని ఇలా పంచుకుంటాను. రంగు, ఆకారం, తగిలించిన సామాను, ఏ భాగం మారిందన్న కథ గేమ్ నుంచి తీసుకోవాలి. తుప్పు పట్టే చోట్లు మాత్రం నిజమైన పాత కార్ల ఫోటోల నుంచే తీసుకోవాలి.

రంగు గురించీ ఒక జాగ్రత్త ఉంది. స్క్రీన్‌షాట్‌లో కనిపించే రంగు కారుది ఒక్కదానిదే కాదు. ఆకాశం, పొగమంచు, హెడ్‌లైటు వెలుగు, చివర్లో గేమ్ మొత్తానికీ వేసే రంగు సవరణ, అన్నీ అందులో కలిసే ఉంటాయి. కంప్యూటర్లో ఆ చుక్క రంగును పట్టుకుని అచ్చంగా అదే పెయింటు కలిపితే మోడల్ బురద రంగులో తేలుతుంది. ఒకే తలుపును గ్యారేజీ వెలుగులో, పగటి వెలుగులో, రాత్రిపూట పక్కపక్కన పెట్టి చూడాలి. అందులో పట్టుకోవాల్సింది రంగుల మధ్య సంబంధాన్ని: తలుపు కంటే బానెట్ ఎంత లేత, రేకు కంటే రబ్బరు ఎంత ముదురు. ఆ సంబంధం నిలిస్తే అసలు రంగు కాస్త అటూ ఇటూ అయినా ఎవరూ గుర్తుపట్టరు.

కొలతలకూ ఇలాంటి బెడదే ఉంది. ఈ వాగన్ ఏ కంపెనీ తయారుచేసిందీ కాదు, కల్పితం. కాబట్టి బ్లూప్రింట్ దొరకదు. పైగా గేమ్ కెమెరా విశాలంగా చూస్తుంది కాబట్టి దగ్గరున్న భాగం ఉబ్బి, దూరంగా ఉన్నది కుంచించుకుపోతుంది. కారుకు వీలైనంత దూరం జరిగి, సరిగ్గా పక్కనుంచి తీసిన బొమ్మే పనికొస్తుంది. అందులో కొలబద్దగా టైరును పెట్టుకోవాలి. మొదట మోడల్‌కు వాడే చక్రాలు ఎంచుకోండి. 1/24 స్కేలులో, అంటే అసలు కారులో ఇరవై నాలుగో వంతు సైజులో, టైరు వ్యాసం 27 మిల్లీమీటర్లనుకుందాం. బొమ్మలో ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమి దాకా నాలుగున్నర టైర్ల దూరం ఉంటే మోడల్లో అది 121.5 మిల్లీమీటర్లు, అసలు కారులో 2.9 మీటర్ల పైచిలుకు. పెద్ద అమెరికన్ వాగన్‌కు సరిపోయే కొలతే. కిటికీల ఎత్తు, బానెట్ పొడవు, అన్నీ ఇలాగే టైర్లలో కొలుచుకుంటూ పోవచ్చు.

ఈ కొలతలకు దగ్గరగా ఉండే కిట్ (విడి ప్లాస్టిక్ భాగాలుగా దొరికే మోడల్ పెట్టె) ఎంచుకుని, మిగతాది ప్లాస్టిక్ షీటుతో కట్టుకోవాలి. జపాన్ కిట్లు ఎక్కువగా 1/24, అమెరికన్ కార్ల కిట్లు ఎక్కువగా 1/25. తేడా నాలుగు శాతమే కాబట్టి సీట్లు, ఇంజను, సామాను కలిపి వాడుకున్నా ఏమీ కాదు. అద్దాలు, తలుపులు మాత్రం కలవవు. గేమ్ ఫైళ్ల నుంచి త్రీడీ ఆకారం తీసి ప్రింట్ చేద్దామనుకునేవాళ్లకు ఒక మాట: ఆ ఆకారాలకు మందం అన్నదే ఉండదు, ఒట్టి పైపొర. దానికి గోడలు కట్టి, పలకలు తేలిన ఒంపులను నునుపు చేసేసరికి అదే ఒక పెద్ద పని. దాని మీద హక్కులు గేమ్ చేసినవాళ్లవన్నదీ గుర్తుంచుకోవాలి.

ఇరవై నాలుగుతో భాగిస్తే

వెదరింగ్‌లో, అంటే మోడల్‌ను పాతబడ్డట్టు చేసే పనిలో, తొంభై శాతం తప్పులు కొలతల తప్పులే అని నా నమ్మకం. 1/24లో ఒక మిల్లీమీటరు అంటే అసలు కారులో 24 మిల్లీమీటర్లు, దాదాపు అంగుళం. బ్రష్ మొనతో పెట్టిన అతి చిన్న చుక్క 0.3 మిల్లీమీటర్లుంటే అది ఏడు మిల్లీమీటర్ల పెచ్చు. రాళ్లు ఎగిరి తగిలి బానెట్ ముందంచున పడే మచ్చలు రెండు మూడు మిల్లీమీటర్లకు మించవు, స్కేలులో 0.1 మిల్లీమీటరు. బ్రష్‌తో అవి రావు. స్పాంజి ముక్కను చింపి, గరుకు అంచును పెయింటులో ముంచి, కాగితం మీద దాదాపు ఆరేదాకా అద్ది, ఆపైన కారు మీద తాకీ తాకనట్టు తాకిస్తే వస్తాయి.

రేకు మందం విషయం ఇంకా ముఖ్యం. 0.8 మిల్లీమీటర్ల రేకు 1/24లో 0.033 మిల్లీమీటర్లవుతుంది. కిట్ బాడీ ప్లాస్టిక్ ఒక మిల్లీమీటరు పైనే ఉంటుంది, అంటే అసలు కారులో అంగుళం మందం. ఆ ప్లాస్టిక్‌కు నేరుగా కన్నం పొడిస్తే అది తుప్పు తిన్న రేకులా కాకుండా బద్దలైన గోడలా కనిపిస్తుంది. కన్నం రావాల్సిన చోట లోపలి వైపు నుంచి మినీ డ్రిల్లుతో నెమ్మదిగా చెక్కుతూ పోవాలి. మధ్యమధ్యలో దీపానికి అడ్డంపెట్టి చూస్తే ప్లాస్టిక్‌లోంచి వెలుగు కనబడటం మొదలవుతుంది. ఆ దశలో ఆపి, బయటి వైపు నుంచి సూదితో పొడిచి, అంచులను చిన్న కత్తి మొనతో గిల్లితే చిరుగులు చిరుగులుగా, పల్చగా విరుగుతుంది. చక్రాల పైన ఒంపులకు, తలుపుల కింది అంచులకు కూడా ఇదే పద్ధతి. ఊడి వేలాడే రేకు కావాలంటే ప్లాస్టిక్ వద్దు, పల్చటి అల్యూమినియం రేకే వాడాలి. అది వంగిన చోట నిజమైన రేకులాగే వంగుతుంది.

పెయింటుదీ ఇదే లెక్క. కారు మీద పెయింటు పొరలన్నీ కలిపినా సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. స్కేలులో నాలుగు నుంచి ఆరు మైక్రాన్లు. మనం ఎంత పల్చగా కొట్టినా అంతకు కొన్ని రెట్లు పడుతుంది. అందుకే పొర పొరకూ మధ్య పిసినారితనం చూపాలి. మందంగా కొట్టిన పెయింటు లేస్తే దాని గట్టు నీడ పడేంత ఎత్తుగా ఉంటుంది, కారు ఒక్కసారిగా బొమ్మ అయిపోతుంది. అలా బొమ్మలా కనిపించకూడదనే అచ్చమైన నలుపు, అచ్చమైన తెలుపు కూడా నేను వాడను. టైరు ముదురు బూడిద రంగు, తెల్ల కారు కాస్త పసుపు కలిసిన తెలుపు.

తలుపు కింద ఏం జరుగుతుంది

తుప్పు ఎలా పుడుతుందో ఒక్క తలుపు చూస్తే చాలు, మిగతా కారంతా అర్థమవుతుంది. వాన పడినప్పుడు కిటికీ అద్దం మీది నీళ్లన్నీ బయటికి జారవు. కొంత నీరు అద్దానికీ రబ్బరుకూ మధ్య సందులోంచి తలుపు లోపలికి దిగుతుంది. కార్లు చేసేవాళ్లకు ఇది తెలుసు, అందుకే తలుపు అడుగున చిన్న కన్నాలు ఉంచుతారు. కొన్నేళ్లు గడిచాక కుళ్లిన ఆకులు, దుమ్ము కలిసి ఆ కన్నాలను పూడ్చేస్తాయి. నీరు అక్కడే నిలుస్తుంది. నీరు, గాలి, ఇనుము ఒకచోట చేరాక తుప్పుకు ఇంకేం అక్కర్లేదు. ఉప్పు కూడా తోడైతే, అంటే సముద్రపు గాలి గానీ మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు గానీ తగిలితే, పని మరింత వేగంగా సాగుతుంది.

తుప్పు తాను తిన్న ఇనుము కంటే రెండు రెట్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. అందుకే తడి పట్టిన గోడ మీద సున్నం పొంగినట్టు, లోపలి నుంచి తోసుకొచ్చి బయటి పెయింటును పొక్కులు పొక్కులుగా లేపుతుంది. ఈ పొక్కులు తలుపు చిట్టచివరి అంచున కాక, దానికి అంగుళం రెండంగుళాలు పైన, నీరు నిలిచిన మట్టం వెంట వరసగా వస్తాయి. మోడల్లో అది అంచు నుంచి ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎత్తు. కొన్నాళ్లకు పొక్కు పగులుతుంది. పెయింటు రేకులు రేకులుగా రాలుతుంది, అంచున ప్రైమర్, అంటే రంగు కింద వేసే తొలి పూత, సన్నటి గీతలా కనిపిస్తుంది, మధ్యలో ముదురు గోధుమ రంగు కన్నం. ఆ కన్నంలోంచి కారే ప్రతి చుక్కా కిందికి ఒక నారింజ చార గీస్తుంది. కన్నం దగ్గర చార ముదురుగా, వెడల్పుగా మొదలై, తలుపు అంచుకు చేరేసరికి సన్నబడుతుంది. కారు ఆగి ఉన్నప్పుడు చార నిట్టనిలువుగా దిగుతుంది. వానలో పరుగెత్తే కారుకైతే కాస్త వెనక్కి వాలుతుంది. పసిఫిక్ డ్రైవ్ వాగన్‌కు రెండు రకాలూ ఉండాలి.

మోడల్ మీద పొక్కులు తేవడానికి చిక్కటి ప్రైమర్‌ను సన్న బ్రష్‌తో చుక్కలుగా పెట్టి, ఆరాక పైన ఇంకో చిన్న చుక్క పెడితే చాలు. గుంపులుగా, వేర్వేరు పరిమాణాల్లో ఉండాలి. అన్నీ ఒకే సైజులో ఉంటే రివెట్లు అనుకుంటారు.

ఇదే తర్కంతో కారంతా ఒకసారి చుట్టి రండి. చక్రం పైన ఒంపు లోపలి మడతలో బురద తడిగా నిలుస్తుంది. తలుపుల కింద పొడుగ్గా ఉండే పెట్టె భాగంలోకి నీరు చేరితే బయటికి దారి ఉండదు. ముందు అద్దం రబ్బరు కింది మూలలు, వెనక తలుపు అడుగు, పైకప్పు మీద స్టాండు బిగించిన బోల్టుల చుట్టూ, ఇవన్నీ నీరు ఆగే చోట్లే. తలుపు మధ్య భాగం, బానెట్ మధ్య, పైకప్పు మధ్య నీరు ఆగని చోట్లు. అక్కడ గీతపడితే తప్ప తుప్పు పట్టకూడదు. నీరు ఎక్కడ ఆగుతుందో గుర్తించి, మోడల్ మీద పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకున్నాకే గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ చేతిలోకి తీసుకోవాలి.

తుప్పు రంగు ఒక్కటి కాదు. కొత్త తుప్పులో లెపిడోక్రొసైట్ అనే ఖనిజం నారింజ రంగునిస్తుంది. పాతబడేకొద్దీ గోథైట్ ఎక్కువై పసుపు కలిసిన గోధుమకు తిరుగుతుంది. గాలి సరిగా తగలని అడుగు పొరల్లో మాగ్నెటైట్ నల్లగా ఉంటుంది. అంటే పాత కన్నం మధ్యలో దాదాపు నలుపు, చుట్టూ గోధుమ, బయటి అంచున మాత్రమే నారింజ. నారింజ ఎంత ఎక్కువ వాడితే తుప్పు అంత కొత్తదని అర్థం. నిన్న మొన్న తగిలిన గీతకు నారింజ సబబు, పదేళ్ల కన్నానికి కాదు. బంపరు క్రోమ్ కథ వేరే. పూతలో సూదిమొనంత రంధ్రాలు పడి, అక్కడక్కడా గోధుమ చుక్కలు తేలతాయి, చుట్టూ క్రోమ్ మసకబారుతుంది. అల్యూమినియం పట్టీలకు ఎర్ర తుప్పు అసలే రాదు, తెల్లటి పొడి లాంటిది పడుతుంది. ఇలాంటి చిన్న తేడాలు పాటించిన మోడల్‌ను చూస్తే నాకు చేసినవాళ్ల మీద గౌరవం పుడుతుంది.

పొరల వరుస

పెయింటు లేచిపోయినట్టు కనిపించాలంటే పెయింటును నిజంగానే లేపడం అన్నిటికంటే మంచి దారి. హెయిర్ స్ప్రే పద్ధతి చేసేది అదే. అడుగున తుప్పు రంగులు వేసి గట్టిగా ఆరనిస్తారు. దీనికి ఘాటైన థిన్నర్‌తో పల్చన చేసే లాకర్ పెయింటు మేలు, లేదంటే పైన వార్నిష్ కొట్టి కాపాడుకోవాలి. దాని మీద జుట్టుకు వాడే మామూలు హెయిర్ స్ప్రే రెండు పల్చటి పొరలు. ఆరాక పైన, నీళ్లతో పల్చన చేయగలిగే ఆక్రిలిక్ రంగు. అది తాకినా అంటుకోనంతగా ఆరగానే గోరువెచ్చటి నీళ్లతో ఉపరితలాన్ని తడిపి, కాసేపు ఆగాలి. నీరు పెయింటులోంచి దిగి హెయిర్ స్ప్రేను కరిగిస్తుంది. ఇప్పుడు గట్టి వెంట్రుకల బ్రష్‌తో మెల్లగా రుద్దితే పై రంగు పెచ్చులుగా లేచి అడుగు తుప్పు బయటపడుతుంది.

ఇందులో పట్టు దొరకాలంటే కారణాలు తెలియాలి. పై రంగులోంచి నీరు దిగితేనే ఇది పనిచేస్తుంది, కాబట్టి పైన లాకర్ కొడితే ఎంత రుద్దినా లేవదు. ఆక్రిలిక్‌ను లాకర్ థిన్నర్‌తో పల్చన చేసినా అంతే, గట్టిగా కరుచుకుంటుంది. నీళ్లతో పల్చన చేసిన రంగు తేలిగ్గా, పెద్ద పెచ్చులుగా లేస్తుంది. హెయిర్ స్ప్రే మందం పెరిగితే పెచ్చుల పరిమాణమూ పెరుగుతుంది. రంగు కొట్టిన రోజే రుద్దాలి, ఎక్కువ ఆరితే మొండికేస్తుంది. బానెట్ ముందు చిన్న పెచ్చులు, చక్రాల ఒంపు దగ్గర పెద్దవి కావాలనుకుంటే హెయిర్ స్ప్రేను ఒకచోట పల్చగా, ఇంకోచోట కాస్త మందంగా కొట్టుకోవాలి.

తుప్పు, హెయిర్ స్ప్రే, ప్రైమర్ రంగు, మళ్లీ హెయిర్ స్ప్రే, ఆపైన కారు రంగు. ఇలా రెండంతస్తులుగా చేస్తే పెచ్చు అంచున ప్రైమర్ గీత దానంతటదే వస్తుంది. శ్రమ రెట్టింపే, కానీ తలుపు కింది పొక్కుల చుట్టూ ఆ సన్నటి బూడిద రంగు గీత ఇచ్చే నమ్మకం ఇంకే పద్ధతిలోనూ రాదు. పాత పద్ధతి ఒకటి ఉప్పుది. తడిపిన చోట ఉప్పు రేణువులు అతికించి, పైన రంగు కొట్టి, తర్వాత దులిపేయడం. దానితో వచ్చే మచ్చలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి పొక్కులు పగిలిన చోట బాగుంటుంది, గీతలకు పనికిరాదు.

ఇవన్నీ అయ్యాక ఒక పొర మ్యాట్ వార్నిష్. ఆ తర్వాతే ఎనామిల్ వాష్‌లు (బాగా పల్చన చేసిన ఎనామిల్ రంగులు), ఆయిల్ కలర్లు. వాటిని పల్చన చేసే వైట్ స్పిరిట్ ఆరిన ఆక్రిలిక్‌ను కరిగించదు. వరుస తిరగేసి ఆయిల్ మీద లాకర్ కొడితే లాకర్ థిన్నర్ అడుగు పొరను కొరికేస్తుంది. లాకర్ కొట్టేటప్పుడు ఆవిరిని ఆపే మాస్కు తప్పనిసరి, దుమ్ము మాస్కు చాలదు. రెజిన్‌తో త్రీడీ ప్రింట్ చేసిన భాగాలను రుద్దేటప్పుడు తడిపి రుద్దాలి.

అతుకుల కారు

ఈ వాగన్ ప్రత్యేకత అంతా భాగాల వయసుల్లోనే ఉంది. కారుతో పాటు పుట్టిన పైకప్పు ఎండకు వెలిసి, జీవం లేని పొడి రంగుకు తిరిగి ఉంటుంది. సూర్యకాంతి పెయింటులో రంగు రేణువులను పట్టి ఉంచే బైండర్‌ను తినేస్తే రంగు రేణువులు పొడిగా తేలతాయి. పైకి చూసే ముఖాలు పక్క ముఖాల కంటే ఎక్కువ వెలుస్తాయి. ఎరుపు అందరికంటే ముందు లేత గులాబీకి దిగుతుంది. నిన్న బిగించిన ముందు తలుపు మాత్రం తుక్కు రేకుతో చేసింది. దాని మీద వెల్డింగ్ గీతలు, పక్కన వేడికి నల్లబడ్డ రేకు, పెయింటు లేని చోట అప్పుడే మొదలైన నారింజ పొర. ఆ పక్కనే ఉన్న వెనక తలుపుకు పాత పొక్కులు. కాబట్టి తలుపులన్నీ బాడీకి అతికించి ఒకేసారి రంగు వేయడం ఈ కారుకు పనికిరాదు. విడివిడిగా, ఒక్కోదాన్ని ఒక్కో కారులా పూర్తిచేసి, చివర్లో కలపాలి. కలిపాక అందరికీ ఉమ్మడిగా ఉండాల్సింది ఒక్కటే, ఆఖరి ప్రయాణంలో పడ్డ బురద. అది మాత్రం కొత్త తలుపు, పాత తలుపు అని చూడదు. చక్రం వెనక నుంచి మొదలై విసనకర్రలా వెనక్కి, పైకి విచ్చుకుంటుంది.

వెలిసిన రంగుకు ఆయిల్ కలర్లను మించినవి లేవు. ముందుగా వాటిని అట్టముక్క మీద కాసేపు ఉంచితే నూనె అట్టలోకి ఇంకిపోయి, ఆరాక మెరవకుండా మ్యాట్‌గా ఉంటాయి. లేత పసుపు, తెలుపు, కారు రంగుకు దగ్గరి ఛాయ ఒకటి చిన్న చుక్కలుగా పైకప్పు మీద పెట్టి, వైట్ స్పిరిట్‌తో తడిపి దాదాపు ఆరబెట్టిన వెడల్పాటి బ్రష్‌తో ఒకదాంట్లో ఒకటి కలిపేయాలి. పక్క ముఖాల మీద పైనుంచి కిందికి మాత్రమే లాగాలి. నారింజ చారలకు బర్న్ట్ సియన్నా, ముదురు భాగాలకు బర్న్ట్ అంబర్. నచ్చకపోతే తుడిచేసి మళ్లీ వేసుకునే వీలు ఆయిల్స్‌లో ఉంది, కాబట్టి తొందర అక్కర్లేదు.

నాచు దగ్గర చాలామంది చేయి జారతారు. వర్షారణ్యం అనగానే కారంతా పచ్చగా చేసేస్తారు. నడిచే కారు బానెట్ మీద నాచు పెరగదు, ఇంజను వేడి, గాలి వేగం రెండూ పడవు. కిటికీ రబ్బరు మూలల్లో, పైకప్పు పక్క కాలువలో, వెనక కిటికీల కింద, స్టాండు కాళ్ల చుట్టూ మాత్రం సన్నటి ఆకుపచ్చ గీతలా చేరుతుంది. ఆకుపచ్చ పిగ్మెంట్‌ను (రంగు పొడిని) కొంచెం గోధుమ రంగుతో కలిపి, పొడిని అంటిపెట్టే ఫిక్సర్‌తో ఆ సందుల్లోకి దింపితే చాలు. కొమ్మలు, ఆకులు అతికించాలనిపిస్తే ఒకటో రెండో వైపర్ల అడుగున ఇరికించాలి. ముందు అద్దానికి వైపర్ తిరిగే మేర కాగితం ముక్క అడ్డంపెట్టి, మిగతా చోట దుమ్ము రంగు పల్చగా కొట్టాలి. ఈ కారును ఎవరో ఇప్పటికీ నడుపుతున్నారని చెప్పడానికి ఆ రెండు శుభ్రమైన వంపులే చాలు.

పొడి పిగ్మెంట్లు అన్నిటికంటే చివర. వాటి మీద వార్నిష్ కొడితే సగం రంగు మాయమై, మెత్తటి దుమ్ము కాస్తా తడిసిన మరకలా మారుతుంది. వార్నిష్ లేకుండా వదిలేస్తే వేలు తగిలిన ప్రతిచోటా ముద్ర పడుతుంది. అందుకే పిగ్మెంట్ ముట్టుకోకముందే కారును అడుగు నుంచి స్క్రూలతో పీఠానికి బిగించాలి. అక్కడి నుంచి పీఠాన్నే పట్టుకుని తిప్పాలి, పీఠాన్నే పట్టుకుని అరలో పెట్టాలి.